ఒంటి మీదొకటి, దండెం మీదొకటి

మా కోటు అన్నగారు పోయారన్న కబురు ఆయన చెల్లెలి కొడుకు సాలూరు నుంచి బస్సు దిగి వచ్చి మరీ చెప్పాడు. కర్మలన్నీ అయిపోయాయట. తల నెరిసిన మనిషి, పాపం, కండువాతో కళ్ళొత్తుకుంటూ మేనమామ ఆఖరి ఘడియల గురించి మొదలుపెట్టబోతుంటే నేను అడ్డుపడి, "ఏం బట్టలు వేసి సాగనంపారు నాయనా?" అని అడిగేశాను.

మా ఆయన పడక్కుర్చీలోంచి దగ్గారు. ఆ దగ్గుకి అర్థం నాకు తెలుసు. చావు కబురు తెచ్చినవాణ్ణి పట్టుకుని బట్టల గురించి అడిగే మనిషి లోకంలో ఉంటుందా అని. ఉంటుంది. పోయిన మనిషిని ఎరిగినవాళ్ళెవరైనా ముందు అదే అడుగుతారు.

వచ్చినవాడు మాత్రం ఏడుపు ఆపి నా వంక వింతగా చూశాడు. "ఆ బట్టల దగ్గిరే పెద్ద గొడవైపోనాది పిన్నీ," అన్నాడు. ఆ గొడవేమిటో చివర చెబుతాను. ముందు మనిషిని చెప్పకపోతే గొడవ అర్థం కాదు.

అది మేం కొండమీద కాపురం ఉన్న కాలం. మా ఆయనని అరకు దగ్గర ఒక గూడెంలో బడిపంతులుగా వేశారు. నన్ను ఘాటీ ఎక్కిస్తూ మా పుట్టింటివాళ్ళు ఓడెక్కిస్తున్నట్టే ఏడ్చారు. కిందవాళ్ళకి ఏజెన్సీ అంటే పరదేశమే. అక్కడి చలి వేరు, జ్వరం వేరు, మాట వేరు. అప్పటికి రైలూ లేదు, బస్సూ లేదు. బండి ఎక్కగలిగినంత మేర బండి, ఆ తర్వాత దేవుడిచ్చిన కాళ్ళు. మోసేవాళ్ళు దొరకరని నా చీరల్లో సగం మా అత్తగారు కిందనే ఉంచేసుకుని, వాటిని కట్టి చింపేశారు కూడా. అది వేరే కథ.

ఆ మొదటి ఏడు వానాకాలంలో, జల్లు కొడుతుండగా, మా గుమ్మంలో ఒక దొర నిలబడ్డాడు. దొర అనే అనుకున్నాను. తెల్ల డ్రిల్లు కోటు, ఖాకీ పంట్లాం, మెడకి అట్టలాంటి కాలరు, దానికింద టై, నెత్తిమీద బెండు టోపీ. మోకాళ్ళ దాకా బురద. టోపీ తీసి, నడుం దగ్గర వంగి, "గుడీవినింగ్ మేడమ్," అన్నాడు. పరాయి మగవాడు గుమ్మంలో వంగితే ఏం చెయ్యాలో మా అమ్మ నాకు చెప్పి పంపలేదు. తలుపు వేసేశాను.

మా ఆయన వచ్చి తీశారు. దొర కాదు, సాలూరు దగ్గరి మనిషేనట. టీకాల ఇన్‌స్పెక్టరట. అమ్మవారు సోకకుండా కొండవాళ్ళకి టీకాలు వేస్తూ గూడేలు తిరగడం ఆయన పని. ఉద్యోగం టెంపరరీ. ఆ మాట ఆయన ముందు అనకూడదు. "పర్మనెంటు కావలసి ఉన్న ఇన్‌స్పెక్టరు" అనాలి. ఆ పూటే నన్ను చెల్లెమ్మా అని పిలిచి, వరస కలిపేసుకుని, కొండమీద తిరిగినన్నాళ్ళూ మా ఇంటినే మకాం చేసుకున్నారు. వరస కలిపింది నా వంట తినడానికని నాకు ముందే తెలుసు.

అన్నగారికి ప్రయాణాల మీద ఒక సిద్ధాంతం ఉంది. వయసులో ఉండగా ఓడెక్కి రంగూన్ వెళ్ళొచ్చారు. ఆ ఒక్క ప్రయాణాన్ని వంద ప్రయాణాలుగా చెప్పేవారు. "చెల్లెమ్మా, పరదేశం వెళ్ళేవాడికి రెండే జతలుండాలి. ఒంటి మీదొకటి, దండెం మీదొకటి. మూడో జత మోసేవాడు ప్రయాణికుడు కాడు, చాకలివాడు," అని తోలుపెట్టె తట్టి చూపించేవారు. ఆ పెట్టెలో సగం టీకా సామాను, సగం రెండో జత. నలిగిన కాలరు తిరగేసి పెట్టుకుంటే కొత్త కాలరవుతుంది. ఒకే రుమాలు నాలుగు రకాలుగా మడిచి జేబులో పెడితే నాలుగు రుమాళ్ళున్నవాడని లోకం అనుకుంటుంది. ఇవన్నీ ఆయన రంగూన్ విద్యలు.

రంగూన్‌లో దండెం మీద బట్ట ఆరుతుందేమో నాకు తెలియదు. అరకులో శ్రావణమాసంలో వేసిన బట్ట భాద్రపదం వచ్చినా పిండితే నీళ్ళే. దాంతో ఆయన సిద్ధాంతం మా ఇంట్లో ఇలా అమలయ్యేది. ఒంటిమీది జత దారిలో తడిసిపోయి ఉంటుంది. దండెం మీది జత నిన్నటి నుంచీ తడిగానే ఉంటుంది. అప్పుడు మా ఆయన పంచె అరువు. మా ఆయన పొట్టి, అన్నగారు తాడిచెట్టంత పొడవు. ఆ పంచె మోకాళ్ళ దగ్గరే ఆగిపోయేది. అయినా పైన కోటూ, కాలరూ, టై తప్పవు. నడుం పైన రంగూన్, నడుం కింద మా వీధిబడి.

పంట్లానికి ఇస్త్రీ గీత లేకపోతే ఆయనకి అన్నం సయించదు. రాత్రి పరుపు కింద పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి గీత పడుతుందని ఇంకో విద్య. మా ఇంట్లో పరుపెక్కడిది? చాప కింద పెట్టి, పైన చోళ్ళ బస్తా, అదే రాగుల బస్తా, ఎత్తించుకున్నారు. గీత నిజంగానే పడింది. కానీ జేబులో బెల్లంముక్క మరిచిపోయారు. ఎలుకలు గీత జోలికి పోకుండా, మర్యాదగా జేబొక్కటే తినేశాయి. దానికి నేను నా పాత రవికగుడ్డ మాసిక వేశాను. అప్పటినుంచి జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడడం ఆయన కొత్త ఫ్యాషను. ఠీవి అనుకున్నారు చూసినవాళ్ళు. ఎర్రపువ్వుల రవిక కనబడకుండా ఉండడానికని నాకు తెలుసు.

టై సంగతి చెప్పనే అక్కర్లేదు. దానితో పక్క చుట్టేవారు, గెడ్డ వాగులో చెంబు ముంచి లాగేవారు, ఒకసారి మా మేక తెంపుకుపోతుంటే దాని మెడకి వేసి పట్టుకొచ్చారు. తర్వాత అదే టై దులిపి మెడకి కట్టుకుని భోజనానికి కూర్చున్నారు. మేకకే బాగా అమరిందని మా ఆయన అన్నారు, పైకి కాదులెండి.

రెండో జత పోయిన తీరు నేను కళ్ళారా చూశాను. పొయ్యిమీద వెదురుతడక మీద కోటు ఆరవేసి, కింద కూర్చుని మాకు ఇరావతి నది వర్ణిస్తున్నారు. "ఏదో కాలుతున్న వాసన వస్తోందన్నయ్యా," అన్నాను. నదికి ఆనకట్ట వెయ్యడం ఇష్టం లేక, "కొండవాళ్ళు పోడు తగలబెడుతున్నట్టున్నారు," అని వర్ణన సాగించారు. వర్షాకాలంలో పోడేమిటని నేను పైకి చూసేసరికి కోటు చెయ్యి ఒకటి మంటలోకి జారి, భుజం దాకా కాలిపోయింది. ఆ రాత్రే ఆయన సిద్ధాంతం సవరించారు. నిజమైన ప్రయాణికుడికి ఒక్క జత చాలునట.

ఇంత ముస్తాబు ఎవరికోసమయ్యా అంటే, ఆ కోటు చూడగానే పారిపోయే జనం కోసం. కొండ మలుపులో ఆ బెండు టోపీ తళుక్కుమంటే చాలు, ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని అడవిలోకి దౌడు తీసేవారు. కోటు వేసుకున్నవాడు వస్తే వెట్టికి పట్టుకుపోడానికో, పోడు మానిపించడానికో అని వాళ్ళకి అనుభవం. ఈయన వెళ్ళేసరికి గూడెంలో కోళ్ళూ, లేవలేని ముసలివాళ్ళూ మిగిలేవారు. సూది చేత పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిరిగి, ఏమీ తోచక మా ఇంటికొచ్చి మా ఆయనకే మళ్ళీ ఇంకో టీకా వేసేవారు. నా దగ్గరికి రాబోతే నేను కొరకంచు తీశాను.

"ఆ కోటు విప్పేసి వెళ్ళండన్నయ్యా. పంచె కట్టుకుని వెళ్తే మనిషని గుర్తుపడతారు," అని ఎన్నిసార్లు చెప్పానో. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన ముఖంలో నెత్తురు దిగిపోయేది. "అదొక్కటీ అడక్కు చెల్లెమ్మా. పరదేశంలో నోటికన్నా ముందు కోటు మాట్లాడాలి," అనేవారు. నేను దాన్ని డాబు అనుకున్నాను. డాబే ఎక్కువ, కొంత వేరే ఉందని తర్వాత తెలిసింది.

చైత్రం వచ్చింది. కొండమీద ఇటుకల పండగ. ఆ రోజుల్లో మగవాళ్ళంతా వేటకెళ్ళాలి. ఆడవాళ్ళు దారులకి అడ్డంగా తాడు పట్టుకుని, వచ్చేపోయే వాళ్ళని ఆపి పండగ మామూలు పుచ్చుకుంటారు. ఇచ్చేదాకా దారి లేదు, వాడు ఎంతటివాడైనా సరే. ఇక వేటకెళ్ళినవాళ్ళు ఏదైనా కొట్టి తెస్తే డప్పులు. వట్టి చేతులతో వస్తే ఆడవాళ్ళు ఊరి మొదట్లో కాసి పేడనీళ్ళు కొడతారు. ఏడాదంతా మొగుళ్ళ మాట పడే ఆడవాళ్ళకి అంతకన్నా మంచి పండగ నేనెక్కడా చూడలేదు. మేమున్నన్నాళ్ళూ ఒక్క ఏడు కూడా నేను చెంబు పట్టడం మానలేదు.

సరిగ్గా అదే సమయానికి అరకు బంగళాలో పెద్దదొర కాంపు వేశాడు. అన్నగారు వేట మర్నాడు పొద్దున్న ఆయనకి కనబడాలి. పర్మనెంటు చెయ్యడమో, ఇంటికి పంపడమో ఆ పూట తేలిపోతుంది. వేసిన టీకాలు చూస్తే మా ఆయన జబ్బ మీదే ఎక్కువ. "ఉద్యోగం పోతే?" అని మా ఆయన అడిగారు. "మళ్ళీ రంగూన్ ఓడే," అన్నారు అన్నగారు. అన్నాళ్ళూ రంగూన్ అంటే స్వర్గంలా చెప్పిన మనిషి ఆ మాట ఉరికొయ్య పేరు చెప్పినట్టు చెప్పారు. ఉన్న ఒక్క జతనీ కుంకుడుకాయ రసంలో ఉతికి, ఎండలో ఆరేసి, బస్తా కింద గీత పెట్టుకుని, దొర కోసం పువ్వులా ఉంచుకున్నారు.

ఒంటికి ఎలా అమరిందో చూసుకోడానికి ఆ పువ్వు తొడుక్కుని ముందురోజు పొద్దున్నే గుమ్మంలో నిలబడగా గూడెం పెద్ద నాయుడు వచ్చాడు. "బావూ, ఏట దినాన మగోడు ఊర్లో ఉంటే ఏట కుదర్దు. మీరూ రావాల," అన్నాడు. వేట అనేసరికి అన్నగారికి రంగూన్ పూనింది. బర్మా అడవుల్లో దుప్పిని ఎలా చుట్టుముట్టాలో నాయుడికి నేర్పుతూ, టోపీ సర్దుకుంటూ, ముందు తనే నడిచారు. మా ఆయన కూడా వెళ్ళారు. ఏటా వెళ్తారు, గెడ్డ దాటాక మొదటి బండమీద పడుకుంటారు. పేడనీళ్ళ సంగతి అన్నగారికి చెబుదామనే అనుకున్నారట. దుప్పి కథలో సందు దొరకలేదట.

వేట ఎలా జరిగిందో తర్వాత నాయుడు మా అరుగు మీద కూర్చుని అభినయించి చూపించాడు. తెల్లకోటు అడవి ఆ చివరికి కూడా కనిపించింది. బూట్లు కిర్రుకిర్రుమన్నాయి. ఒక్క దుప్పి, తోవ తప్పి ఎదురుగా వస్తే, అన్నగారు ఉత్సాహం పట్టలేక ఇంగ్లీషులో కేకేశారు. ఆ దుప్పి ఇంకా పరిగెడుతూనే ఉండి ఉంటుంది.

పొద్దు వాలుతుండగా వేటగాళ్ళు దిగొచ్చారు. ఊరి మొదట్లో మేమంతా వరసగా చెంబులూ, కుండలూ పట్టుకుని నిలబడ్డాం. అందరికన్నా ముందు నాయుడి తల్లి, పళ్ళు లేని ముసలమ్మ. దాని పక్కన నేను. వేటగాళ్ళు ఎరిగినవాళ్ళు కనుక మలుపు దగ్గరే నెమ్మదించారు. "మీరు పెద్దోరు, ముందు మీరు నడండి బావూ," అని అన్నగారిని ముందుకి తోశారు. ఆయన దాన్ని గౌరవం కింద జమకట్టుకున్నారు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఛాతీ విరుచుకుని వచ్చారు.

వచ్చి, మా చేతుల్లో చెంబులు చూశారు. కింద దేశంలో గడప దగ్గర చెంబుతో ఆడవాళ్ళు నిలబడితే దానికి ఒకటే అర్థం. కాళ్ళు కడుక్కోమని. అన్నగారి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ తనని చూసి పారిపోయిన జనం ఈనాడు పాదాలకి నీళ్ళు పట్టుకొచ్చారు! ఆగి, బూట్లు విప్పి, పంట్లాం అంచు రెండు వేళ్ళతో పైకి లాగి, కుడికాలు ముందుకి చాపారు.

"ఏటి తెచ్చినావు బావూ?" అని ముసలమ్మ అడిగింది.

"ఏమీ తేలేదమ్మా. మీ అభిమానమే పదివేలు," అన్నారు అన్నగారు.

ముసలమ్మ కుండలోని పేడనీళ్ళు ఎడమవైపు తగిలాయి. మెడ కాలరు నుంచి నడుం దాకా. ఆయన నోరు తెరిచారు. ఆ సరికి నా చెంబు కుడిభుజానికి తగిలింది. దొర సంగతి నాకు గుర్తులేదా అంటే ఉంది. కానీ చేతిలో చెంబు, ఎదురుగా ఆ కోటు, కాలు చాపిన ఆ భంగిమ. అలాంటి అవకాశం దేవుడు మళ్ళీ ఇవ్వడు. ఇప్పటికీ నేను నొచ్చుకోలేదు.

"ఓలమ్మోలమ్మా! సంపేసినార్రో! బేగి నీళ్ళొయ్యండర్రా, బేగి!" అని అన్నగారు గెంతారు. గుడీవినింగులూ, మేడమ్‌లూ ఎటు పోయాయో, అసలు సిసలు సాలూరు సంత నాలుక బయటికొచ్చింది. గూడెం గూడెమంతా నేలమీద దొర్లి నవ్వింది. నవ్వి, దగ్గరికొచ్చింది. ఆ కోటుని చూసి ఆ రోజు ఒక్కళ్ళు కూడా అడవిలోకి పరిగెత్తలేదు. ఒక గుంటపిల్ల వచ్చి కోటు బొత్తాం పట్టుకు లాగి చూసింది కూడా.

సాయంత్రం వడగళ్ళవాన. కోటు మూడుసార్లు ఉతికాను. ముసలమ్మ కొట్టింది వదిలింది. కుడిభుజం మీద మాత్రం పచ్చటి మరక అలాగే కూర్చుంది. మా ఆవు పేడే కదా, పచ్చిగడ్డి బాగా తిన్నట్టుంది. అన్నగారు కోటు తీసుకుని, లోపలివైపు బయటికి తిప్పి తొడుక్కుని చూశారు. అదీ రంగూన్ విద్యే అయ్యుంటుంది. లోపల అస్తరు చూసి మా ఆయన దీపం దగ్గరికి తెచ్చారు. గోనెపట్టా. దానిమీద సగం చెరిగిన బియ్యంబస్తా ముద్ర.

ఆయన మళ్ళీ విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. "మెట్రిక్యులేషన్ ప్యాసయ్యానని, గుమాస్తా పని ఉందంటే రంగూన్ వెళ్ళాను చెల్లెమ్మా. అప్పుడు పంచె, చొక్కా. ఆఫీసు గేటు కాడ ఉన్నవాడు నా ముఖం కూడా సూడనేదు. మెడ మీద సెయ్యేసి పక్క వరసలోకి తోసేసినాడు. బియ్యంబస్తాలు మోసే కూలీల వరస. నాకు ఇంగ్లీషొచ్చని ఇంగ్లీషులోనే సెప్పినాను. ఎవుడింటాడు? వీపు మీద బస్తా పడిపోనాది. మనూరోళ్ళు బోల్డుమంది ఆ వరసలోనే ఉన్నారు. ఈడు మావోడు, సదువుకున్నోడు అని ఒక్కడూ నోరిప్పలేదు. ఆళ్ళ భయం ఆళ్ళది." గోనె మీది ముద్రని వేలితో రాస్తూ, "కోటు కుట్టించుకోడానికి గుడ్డ సరిపోయింది. అస్తరుకి సరిపోలేదు. ఆ బస్తాయే వేయించాను," అన్నారు. అదీ మళ్ళీ పుస్తకం భాషలోకి వచ్చేసి.

అన్నాళ్ళూ నేను ఎగతాళి చేసిన రంగూన్ అది. ఓదార్చడం చేతకాక, ఇంకోసారి ఉతుకుతాను ఇమ్మన్నాను.

మర్నాడు పొద్దున్నే అరకు బయల్దేరాం. మా ఆయన కూడా దొరకి కనబడాలి. గూడెం ఆడవాళ్ళు తాడు పట్టుకుని వెనకాల వచ్చారు, దొర దగ్గర పండగ మామూలు పుచ్చుకోడానికి. దొరలంటే వాళ్ళకి భయమే కానీ పండగంటే అంతకన్నా హక్కు. కోటు ఇంకా చెమ్మగానే ఉంది. పొగా, పేడా కలిసిన వాసన. అన్నగారు దారి పొడుగునా టైతో ఆ మరక కప్పుకోబోవడం, అది జారిపోవడం. మేక మెడకి అంత బాగా నిలిచిన టై.

బంగళా గేటు దగ్గర బిళ్ళపట్టీ వేసుకున్న డవాలీ బంట్రోతు. పక్కనే కాంపు సామాను మోసే కూలీలు వరసలో ఉన్నారు. బంట్రోతు అన్నగారిని కిందినించి పైకి చూసి, ముక్కు మూసుకుని, "ఏయ్! ఇటు కాదు. అటు, వరసలో నిలబడు," అన్నాడు.

అన్నగారు ఏదో అంటారనుకున్నాను. ఇంగ్లీషు దంచుతారనుకున్నాను. ఆయన తిన్నగా వెళ్ళి కూలీల వరసలో, చివర, నిలబడ్డారు. తల వంచుకుని. కోటూ మాట్లాడలేదు, నోరూ మాట్లాడలేదు. మా ఆయన కదలబోయారు కానీ బడిపంతులు గుండె బంట్రోతు దాకా చేరేసరికి ఆలస్యమవుతుంది.

ముసలమ్మ చేరిపోయింది. తాడు ఆ కొస నా చేతిలో పెట్టి, ఈ కొస తను పట్టుకుని, బంట్రోతుకి అడ్డంగా సాచింది.

"ఏటి సేత్తన్నావురా? ఆడు మావోడు. నిన్న మావోళ్ళతోటి ఏటకెల్లినాడు. మేమే పేడ కొట్టినాము. ఆడికి దారి నేకపోతే నీకూ నేదు."

బంట్రోతు కర్ర ఎత్తాడు. ఆడవాళ్ళంతా వాడి చుట్టూ తాడు చుట్టేశారు. మామూలు ఇస్తేగాని కదలనివ్వమన్నారు. వాడి అరుపులకి, మా నవ్వులకి దొరే బయటికొచ్చాడు. "మావోడు, మావోడు" అని ముసలమ్మ వెళ్ళి అన్నగారి చెయ్యి పట్టుకుని వరసలోంచి లాక్కొచ్చి దొర ముందు నిలబెట్టింది. అప్పుడు చూశాను అన్నగారి ముఖం. అలాంటి ముఖం మళ్ళీ ఎవరిదీ చూడలేదు.

దొర ఏం అడిగాడో మా ఆయన తర్వాత తెలుగులో చెప్పారు. టీకాల లెక్క అడగలేదు. మెట్రిక్యులేషన్ అడగలేదు. అన్నగారు అంత కష్టపడి అప్పజెప్పిన ఇంగ్లీషు వినను కూడా లేదు. భుజం మీది మరక దగ్గరికి వంగి, అది ఆవుదా, గేదెదా అని అడిగాడు. నీళ్ళు ఎంత కలుపుతారు, ముందు ఎవరు కొడతారు, కొట్టేటప్పుడు పాట ఉందా అని ఒకటే ప్రశ్నలు. దొరలకి అదో పిచ్చి. చివరికి, కొండజనం ఇంత దగ్గరికి తీసిన ఉద్యోగి తనకి ఇంకెవరూ లేరని, ఇతన్ని కదపడానికి వీల్లేదని చెప్పేశాడు. ఆ మాట అర్థమైందో లేదో, ముసలమ్మ బంగళా వరండాలోనే చెయ్యి చాపి, "ఏదీ, నీ సూది నాకెట్టు," అంది. దాని వెనకాల మిగతావాళ్ళూ నిలబడ్డారు. అన్నగారు సూది వైపు కాక వాళ్ళ ముఖాల వైపు చూస్తూ వేశారు. ఆ ఊపులో నాకూ టీకా వేయించుకోక తప్పింది కాదు. ఆ మచ్చ ఇప్పటికీ వంకరగా ఉంది.

అలా అన్నగారు పర్మనెంటయ్యారు. దానికి సంతోషించారా? లేదు. "నా చదువు చూసి కాదు చెల్లెమ్మా, పేడ చూసి ఇచ్చాడు ఉద్యోగం," అని రిటైరయ్యేదాకా దొరని తిట్టారు. గూడేల్లో జనం పారిపోవడం మానేశారు. కానీ పేడ సంగతి ఎవరైనా ఎత్తితే ముఖం ముడుచుకుని రంగూన్‌లోకి వెళ్ళిపోయేవారు. ఆ తర్వాత మేం కొండ దిగిపోయాం. ఆయన సాలూరు చేరారు. పెళ్ళిళ్ళలో కనబడినప్పుడు అదే కోటు. నా కళ్ళు మసకబారాయో, ఆయన కండువా అడ్డం వేసుకునేవారో, భుజం మీద మరక నాకెప్పుడూ కనబడలేదు.

ఇప్పుడు ఆ గొడవ.

ఆయన చెల్లెలి కొడుకు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. "కోటుతోనే పంపాలని ముందే మాట తీసుకున్నాడు పిన్నీ. కొత్త పంచె మీద ఆ పాతకోటేటని పెద్దోళ్ళు ఒప్పుకోనేదు. పోనీ కొత్తది కుట్టిత్తాం మావయ్యా అని అంతకుముందే అడిగినాం. వొద్దన్నాడు. కుడిభుజం మీద పచ్చగా మరక ఒకటుంటాది. దాన్ని సాకలోడు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మామీద ఇంతెత్తున లెగిసేవోడు. ఆ మరకేటి మావయ్యా అంటే, 'మావోళ్ళేసిందిరా' అనేవోడు. ఆఖరికి ఆ కోటుతోనే అంపేసినాం."

మా ఆయన ఈసారి దగ్గలేదు.

"ఆ మావోళ్ళెవులో మాకిప్పటికీ తెల్దు," అన్నాడు వాడు. "సుట్టాలందర్నీ అడిగినాం. ఎవులూ ఒప్పుకోనేదు."

"నేనే నాయనా," అన్నాను.